పాత బీరువా అద్దం మీది బొట్టు

ఈ పొద్దున మా సందులోకి పాత సామాన్ల ఆటో వచ్చింది. ఇదివరకు మనిషే అరుచుకుంటూ వచ్చేవాడు. ఇప్పుడు మైకులో ఎవరిదో గొంతు రికార్డు చేసి పెడుతున్నారు, అదే తిరిగి తిరిగి అరుస్తుంది: పాత కూలర్లు, పాత టీవీలు, పాత బీరువాలు కొంటాం అని. ఆ గొంతు ఎవరిదో, ఆ మనిషి అసలు ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. గొంతు మాత్రం ఉప్పల్ అంతా తిరుగుతూ ఉంటుంది. మా బిడ్డ కిటికీలోంచి తొంగి చూసి, "అమ్మా, ఆపమంటవా? గా బీరువ ఇచ్చేద్దాం. గోడకు అల్మారాలు చేయించుకున్నంక ఇంక అదెందుకు?" అంది. "జర ఆగు, అద్దం తుడిచి చెప్త" అని గుడ్డ పట్టుకుని బీరువా ముందు నిలబడ్డాను. తుడవబోయి చెయ్యి ఆపేశాను. ఎందుకు ఆపానో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. నా చదువు సంతకం వరకే. నేను చెబుతూ ఉంటే బిడ్డ రాస్తోంది. మధ్యమధ్యలో నవ్వుతోంది కూడా. నవ్వనీ.

మా ఇంట్లో కొత్త సామాను ఎప్పుడూ లేదు. ఫ్యాను పాతది, మంచం పాతది, కుక్కరు పాతది. డబ్బు లేక కొనలేదని అనుకుంటారేమో, లేకపోవడం ఒకటైతే, ఇష్టం ఒకటి. కొత్త వస్తువంటే ఇంట్లో అందరికీ భయమే. దాని మీద మొదటి గీత పడిన రోజు పిల్లల వీపు పగులుతుంది. పాతదాని మీద గీతలు వేరేవాళ్ళ ఇంట్లోనే పడి వస్తాయి, పిల్లలు బతికిపోతారు. దాని రోగమేదో అది ముందే బయటపెట్టేసి ఉంటుంది. ఏ కాలు కుంటిదో, ఏ తలుపు మొండిదో అంగట్లోనే తెలుస్తుంది. రేకు కూడా ఆ కాలపు రేకు వేరు. మా ఆయన నాచారంలో ఒక కంపెనీలో మిషన్ మీద పని చేసేవాడు. ఏ వస్తువు కొనబోయినా వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి వినేవాడు, దవాఖానాలో డాక్టరు రొమ్ము మీద కొట్టి చూసినట్టు. గట్టి రేకు 'ధన్' అంటుంది, పలచటిది 'టప' అంటుంది. నాకూ అదే అలవాటైంది. అట్లా అందరి రోగాలూ విన్న మనిషి తన కామెర్ల సంగతి మాత్రం కళ్ళు పచ్చబడేదాకా వినలేదు. తెలంగాణ ఇంకా రాని రోజులవి, నా బిడ్డ అంగన్‌వాడీకి పోతోంది.

ఆయన పోయాక నాచారం గది ఖాళీ చేసి ఉప్పల్‌లో ఒక రేకుల గదికి వచ్చాం. నేను, నా బిడ్డ, మా అత్త. అత్త కూడా ముండమోసిన మనిషే, నాకంటే చాలా ముందు. దినాల నాడు ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను కూర్చోబెట్టి గాజులు పగలగొట్టి, బొట్టు తడిగుడ్డతో తుడిచేశారు. ఎంత గట్టిగా తుడిచారంటే, ఆ మంట చాలా రోజులు పోలేదు. తరవాత నేను మందుల కంపెనీలో సీసాలకు మూతలు బిగించే పనికి పోయాను. గదిలో ఎలుకలు. ఆయన చొక్కా ఒకటి దాచుకుంటే కాలర్ కొరికేశాయి. ఆ రోజు బీరువా కావాలనిపించింది.

నాచారం రోడ్డు మీద పాత సామాన్ల అంగడి చాచా మా ఆయనకు తెలిసినవాడే.  నన్ను చూసి అంగడి లోపలి మూలకు తీసుకుపోయి ఒక బూడిదరంగు బీరువా చూపించాడు. తలుపు మీద నిలువుటద్దం. "అద్దం సూడు బేటీ. కొత్తదాన్ల మొకం వంకర కనవడ్తది, దీన్ల ఉన్నది ఉన్నట్టే" అన్నాడు. కణుపుతో కొట్టాను. ధన్ అంది. అప్పుడు చూశాను అద్దం మీద బొట్టు బిళ్ళలు. ఆడవాళ్ళున్న ఏ ఇంటి అద్దం మీదైనా ఉండేవే. స్నానానికి పోయేముందు తీసి అంటిస్తాం, మళ్ళీ మరిచిపోతాం. అయితే ఎవరింట్లోనైనా అవి అద్దం నిండా అటొకటి ఇటొకటి ఉంటాయి. ఈ అద్దం మీద అన్నీ ఒకే ఎత్తులో, చీమల బారులాగా ఉన్నాయి. ఆమె ఎవరో గాని అద్దానికి ఎదురుగా నిలబడి, నుదుటి మీద నుంచి తీసి, నుదురు ఎక్కడ కనబడుతుందో అక్కడే అంటించేది. "గీకితే పోతయ్" అన్నాడు చాచా.

కొబ్బరినూనె రాసి బ్లేడుతో అన్నీ గీకేశాను. అద్దం మెరిసిపోయింది. లోపల ఎంత కడిగినా పౌడరు వాసన మాత్రం పోలేదు. ఎలుకల బాధ తప్పింది, అది నిజం. కానీ మధ్యాహ్నం పూట కరెంటు పోయి ఫ్యాను ఆగిన నిశ్శబ్దంలో బీరువా తలుపు కిర్రుమని తెరుచుకునేది. తాళం వేసిన తలుపే. ఎవరో మెల్లిగా, గదిలో పడుకున్న పిల్ల లేవకుండా తీసినట్టు తెరుచుకునేది. గచ్చు వాలుగా ఉందని కింద చెక్క దిమ్మలు పెట్టాం. అయినా అంతే. అత్త మొదట్లో నవ్వింది. "దానికి సుత మన లెక్కనే కొత్త జాగల నిద్ర వడ్తలేదే" అంది.

ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని లోపలికి పోతే, అద్దం నడిమధ్యలో ఒక బొట్టు ఉంది. మెరూన్ రంగుది, చిన్నది. వేలు పెట్టి చూశాను. అంచు ఎక్కడా లేవలేదు, జిగురు ఇంకా మెత్తగానే ఉంది. అప్పుడే ఎవరి నుదుటి మీద నుంచో తీసినట్టుంది. పిల్ల ఎక్కడో ఆడుకుని తెచ్చిందేమో అనుకుని పీకి పారేశాను. కానీ దాని చెయ్యి బీరువా పిడికి కూడా అందదు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది, అదే చోట. మళ్ళీ పీకాను. మళ్ళీ వచ్చింది. అత్తతో చెప్పలేదు. ముసలామె భయపడుతుందనుకున్నాను.

మా ఇంటి ఓనరమ్మ కోస్తా వైపు మనిషి, మనసు మంచిది, నోరు ఆగదు. ఒక రోజు ప్రసాదం ఇద్దామని లోపలికి వచ్చి అద్దం చూసింది. "పోనీలే అమ్మాయ్, పెట్టుకో. చిన్నదానివి. ఈ రోజుల్లో ఎవరు చూస్తున్నారు? డ్యూటీకి వెళ్ళేటప్పుడు పెట్టుకుని వచ్చాక తీసేస్తున్నావన్నమాట" అంది. ఆమె మంచికే అంది. అత్త గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. చేట అట్లాగే కింద పెట్టింది.

ఓనరమ్మ మెట్లెక్కి పోయేదాకా ఆగి, లోపలికి వచ్చి అద్దం దగ్గర నిలబడింది. "ఏందే ఇది?"

"నాకు తెల్వదత్తమ్మా. పీకేస్తున్న, మల్ల వస్తున్నది."

"బొట్టు దానంతట అదే నడిసొస్తదా? నా కొడుకు మట్టిల కలిసి ఏడాది నిండలె. ఎవనికి సూపియ్యనీకె పెట్టుకుంటున్నవ్?"

"పిల్ల మీద ఒట్టు, నేను పెట్టుకోలె."

"పిల్ల మీద ఒట్టెయ్యకు. పిల్లను నీకాడ ఉంచుత అనుకుంటున్నవా? చిన్నోన్ని పిలిపిస్త. తోల్కపొమ్మంట."

చిన్నోడంటే మా మరిది, జనగామ దగ్గర ఊళ్ళోనే సేద్యం చేసుకుంటాడు. అన్న దినాల నాడే అన్నాడు, పిల్లను మా దగ్గర ఉంచండి, పట్నంలో ఆడది ఒక్కతి ఎట్లా సాకుతుంది అని. అప్పుడు అత్తే అడ్డుపడి నాతో ఉప్పల్‌కు వచ్చింది. ఇప్పుడు అత్తే పిలిపిస్తానంటోంది. నా తరఫున మాట్లాడటానికి నాకు ఎవరున్నారు? తల్లి లేదు, తోడబుట్టినవాళ్ళు లేరు. బొట్టు పెట్టుకోలేదని ఎట్లా చూపించాలి? పెట్టుకున్నదైతే చూపించొచ్చు.

ఆదివారం మరిది వచ్చాడు. అప్పటికే అత్త పిల్ల గౌన్లు కవర్లో సర్దింది. ఆ పొద్దున కూడా బొట్టు ఉంది. దాన్ని పీకే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మరిది కుర్చీలో అంచు మీద కూర్చుని, నేల చూస్తూ, "వదినా, నేను నిన్నేం అననుగని, పిల్ల మా ఇంటి పిల్ల గదా" అన్నాడు. నేను నోరు తెరవబోతే అత్త చెయ్యి పట్టి లాగింది.

"మాటలొద్దు. అద్దం ముందట నిలవడు. ఎట్ల తీసి అంటిస్తున్నవో వాడు సుత సూడనియ్యి."

నిలబడ్డాను. మా పుట్టింటి వాళ్ళందరం పొడుగు. అద్దంలో ఆ బొట్టు నా నుదుటికి రాలేదు. నా పెదవుల మీద పడింది, ఎవరో నా నోటికి సీలు వేసినట్టు. అత్త వెనక నుంచి చూసింది. "వంగకు. సక్కగ నిలవడు" అంది.

"సక్కగనే ఉన్న అత్తమ్మా."

నన్ను పక్కకు నెట్టి తను నిలబడింది. అత్త పొట్టి మనిషి. బొట్టు ఆమె పాపిటకు జానెడు పైన, వెనక గోడ మీద కనిపించింది. ఆమె మడమలెత్తి చూసింది. అందలేదు. నన్ను మళ్ళీ పక్కన నిలబెట్టుకుంది. మా ఇద్దరి మధ్యలో, ఎవరూ లేని చోట, ఒక మనిషి నుదుటి ఎత్తులో ఆ బొట్టు ఉంది. గదిలో పౌడరు వాసన వచ్చింది.

"గా ఎత్తు మనిషి మనింట్ల లేదు" అంది అత్త, మెల్లిగా.

మరిది లేచి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరైనా మన వెనక నిలబడితే ఎట్లా తిరుగుతామో అట్లా. "బస్సు టైమైతున్నది" అన్నాడు. చాయ్ పొయ్యి మీదే ఉంది. పిల్ల గౌన్ల కవరు గోడ పక్కనే ఉంది. చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా పెట్టుకోకుండానే పోయాడు. ఆ తరవాత పిల్లను తీసుకుపోతానని ఎప్పుడూ అనలేదు. పెళ్ళిళ్ళకు పిలిచేవాడు, మేమే పోయేవాళ్ళం. మా గడప మాత్రం మళ్ళీ తొక్కలేదు.

మరునాడు అత్తా నేనూ నాచారం పోయాం. చాచా అంతా విని గడ్డం నిమురుకున్నాడు. "ఆమె పెండ్లికి పెట్టిన బీరువ. నీ అంత ఎత్తు లేదు బేటీ, ఈ అమ్మ అంత పొట్టి సుత కాదు. ఆమె పోయిన వారానికే ఆమె మొగడు తెచ్చి దించిండు. అద్దానికి దుప్పటి కట్టి తెచ్చిండు. దించేటప్పుడు సుత అటు దిక్కు సూడలె."

"ఎట్ల పోయింది?" అంది అత్త.

"అడగలే. నేను సామాను బరువు సూస్త గని దాని ఎనక కత అడగ. వాపస్ తీస్కుంటలే, ఫికర్ చెయ్యకున్రి. వేరేది ఇస్త."

నేను సరే అనేలోపే అత్త, "వాపస్ వద్దు" అంది. తిరిగి షేర్ ఆటో ఎక్కాం. హబ్సిగూడ దాటాక నా చెవి దగ్గరికి వచ్చి, "గామె పెట్టవట్టే పిల్ల నీకాడున్నది. నేనైతే తోలేస్తుంటి" అంది. ఉప్పల్‌లో దిగి నేరుగా ఫ్యాన్సీ షాపులోకి నడిచింది. బొట్టు బిళ్ళల ప్యాకెట్ అడిగింది, మెరూన్ రంగువి, చిన్నవి. షాపు పిల్ల మా రెండు బోడి నుదుళ్ళనూ మార్చి మార్చి చూసి, "ఎవరికమ్మమ్మా?" అంది.

"ఇంట్ల ఒకామె ఉన్నది" అంది అత్త.

ప్యాకెట్ బీరువా పై అరలో పెట్టేవాళ్ళం. అయిపోతే మళ్ళీ తెచ్చేవాళ్ళం. అద్దం మీద పాతది పోయి కొత్తది ఎప్పుడో వచ్చేది, మేము చూడగా ఎప్పుడూ రాలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అత్త గుమ్మంలోంచే, "ఆఁ, ఉన్నం ఉన్నం, ఏడికి పోలె" అని జవాబు చెప్పేది. ఓనరమ్మ అది విని నాలుగో మనిషికి నీళ్ళ బిల్లు వెయ్యాలా అని నవ్వేది గాని, మా గదిలోకి రావడం తగ్గించింది. గది మారినప్పుడల్లా బీరువా మాతోనే వచ్చింది. ఆ చెక్క దిమ్మలూ వచ్చాయి, ఇవాళ్టికీ దాని కింద అవే.

తెలంగాణ వచ్చిన ఏడు అత్త పోయింది. రింగురోడ్డు దగ్గర పటాకులు కాలుస్తుంటే, మంచంలోంచే ఎవరి పెండ్లి అని అడిగిన మనిషి. అప్పటి నుంచి ప్యాకెట్లో బిళ్ళ తగ్గలేదు. అద్దం మీద చివరిగా వచ్చిన బొట్టు అట్లాగే ఉండిపోయి రంగు వెలిసింది. అందుకే మా బిడ్డ ఇప్పుడు రాయడం ఆపి, "మరింక తెల్వదా అమ్మా? అది నానమ్మ పనే. చెయ్యెత్తి అంటిస్తే అందదా?" అంటోంది. కావచ్చు. ప్యాకెట్లు వచ్చాక అత్తే అంటించి ఉండొచ్చు, నేనూ అనుకున్నాను.

"మరి నిన్ను తోలేస్త అన్ననాడు ఉన్నది ఎవరు పెట్టిన్రు?" అన్నాను. దీనికి మా బిడ్డ నవ్వలేదు.

ఇక పొద్దున సంగతి. గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. మూతలు బిగించి బిగించి నా నడుము ఎప్పుడో వంగింది, నాకే తెలియదు. ఆ బొట్టు నా పెదవుల మీద పడుతుందనే అనుకుని చూశాను. పడలేదు. తడిగుడ్డతో తుడిచిన నాటి నుంచి ఖాళీగా ఉన్న నా నుదుటి మీద, సరిగ్గా నడిమధ్యన ఉంది. చెయ్యి కదలలేదు. బయట ఆ గొంతు పాత బీరువాలు కొంటాం అని అరుచుకుంటూ రామంతాపూర్ వైపు పోయింది. పోనిచ్చాను. ఇన్నేళ్ళ కాలం నన్ను కొంచెం కొంచెంగా వంచుకుంటూ తెచ్చి, ఆ బీరువా ఆమె ఎత్తుకు నిలబెట్టింది.