మిల్లింగ్ మిషను కింద నిమ్మకాయ

సాలూరులో లారీ సామాన్లు బాగుచేసే షెడ్డు మాది. లేతు మా ఆయనది, బల్ల మీద బిగించిన చిన్న మిల్లింగ్ మిషను నాది. ఆయన లేతుకి మోటారుంది. సానరాయికి మోటారుంది. ఆఖరికి ఆయన చెమట ఆరబెట్టుకునే ఫ్యానుకీ మోటారే. నా మిషనులో కోత పళ్లు తిరగడానికి మోటారుంది గానీ, ఆ పళ్లుండే అంత బరువైన హెడ్డు పైకెత్తాలన్నా, కిందికి దించాలన్నా నా కుడి చెయ్యే హ్యాండిల్ తిప్పాలి.

షాఫ్టులో గాడి కొయ్యాలంటే హెడ్డు దించాలి, కొలత చూడ్డానికి ఎత్తాలి, మళ్లీ దించాలి. రోజంతా అదే. తిప్పీ తిప్పీ భుజం పట్టేసింది. జడ వేసుకుందామంటే చెయ్యి వెనక్కి పోదు. ఆ హెడ్డుకీ మోటారు పెట్టిద్దామని అడిగినప్పుడల్లా మా ఆయన "సూద్దాం లే" అనేవాడు. చివరికి విజయనగరం వెళ్లి చూపించుకుంటే, ఆ తిప్పుడు మానకపోతే చెయ్యి ఇక పైకి లేవదని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆయన ఏమన్నాడో తెలుసా?

"కొబ్బరినూనె కాసి రాస్కో. తగ్గిపోతాది."

ఒళ్లు మండిపోయింది. కొబ్బరినూనెట! లేతు మోటారు కాలిపోయినప్పుడు దానికి రాశాడా కొబ్బరినూనె? పని మానుకుని, ఆ పూటే బస్సెక్కి కొత్తది తెచ్చుకున్నాడు.

ఇక ఈయన్ని అడగడం దండగని నేనే మొదలుపెట్టాను. తుక్కులో పడున్న లారీ వైపర్ మోటారు తెచ్చాను. హ్యాండిల్ ఊడదీసి దాని ఇరుసుకో పళ్లచక్రం, మోటారుకో పళ్లచక్రం బిగించి, మధ్యలో సైకిలు చైను వేశాను. మీట పైకంటే హెడ్డు పైకి, కిందికంటే కిందికి. మరీ దిగిపోయి, కింద ఇనప ముక్కని పట్టుకునే వైసుని గుద్దకుండా ఒక చిన్న స్విచ్చి కూడా పెట్టాను. హెడ్డు దానికి తగిలిందా, మోటారు ఆగిపోతుంది. మొదటిసారి ఒక్క వేలితో మీట కదిపితే హెడ్డంతా జుయ్యిమంటూ లేచింది. సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

సంగతి తెలిసి మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, ఊడిపడ్డారు. ఆయనకి లారీలున్నాయి. మా ఊళ్లో కొత్త లారీ రోడ్డెక్కితే చక్రాల కింద నిమ్మకాయలు నలగాల్సిందే.

"కొత్త మోటారెట్టినావు, నిమ్మకాయ నలక్కపోతే ఎలాగమ్మా?" అని ఆయనే ఒక కాయ తెచ్చి వైసు మీద పెట్టారు. పెద్దాయన మాట కాదనలేక మీట నొక్కాను. హెడ్డు దిగి, కాయకి వేలెడు ఎత్తున ఆగిపోయింది. ఆగదూ మరి? స్విచ్చి పెట్టిందే అందుకు!

"ఇదేటి, నలగనేదు! అపశకునం గాదా? నానేదో సూస్తాను గానీ, నువ్వెల్లి టీ ఎట్టు."

నా మిషను దగ్గర్నుంచి నన్నే పొమ్మన్నారు. మా ఆయన తన లేతు తుడుచుకుంటున్నాడు. గ్లాసులు పట్టుకుని గుమ్మం దాకా వచ్చేసరికి ఫట్‌మని చప్పుడు. బావగారు స్విచ్చిని పక్కకి వంచేసి, మీట నొక్కి పట్టుకుని నిలబడ్డారు. నిమ్మకాయ నలిగింది. హెడ్డు ఇంకా దిగి వైసుని గుద్దింది. లోపల స్క్రూ మీద హెడ్డుని మోసే గన్‌మెటల్ నట్టు లోపలి మరచుట్లన్నీ తెగిపోయాయి. ఇక మోటారుతో కాదు కదా, చేత్తో తిప్పినా హెడ్డు లేవదు.

"సూసినావా? దీనికి మోటారు అచ్చిరాదని నాకు ముందే అనిపించినాది" అన్నారు బావగారు, నేను తెచ్చిన టీ తాగుతూ. తాగుతూ!

"సేత్తో తిప్పుకునుంటే ఇలాగయ్యీది కాదు" అన్నాడు మా ఆయన.

అప్పుడు చిర్రెత్తుకొచ్చింది. "సేత్తోనా? సరే మావా. కొత్త నట్టు నీ లేతు మీదే గదా సెయ్యాలి. సేత్తోనే తిప్పి సెయ్యి!" అని మోటారుతో లేతుని తిప్పే బెల్టు ఊడబెరికాను. ఆయనకి అందకుండా పైన మేకుకి తగిలిద్దామని చెయ్యెత్తాను. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. రెండో చేత్తో మోచెయ్యి పట్టి నెట్టినా లేవలేదు. బెల్టు జారి కింద పడింది.

మా ఆయన చూశాడు. ఒకే ఇంట్లో తింటూ, ఒకే షెడ్డులో పనిచేస్తూ, ఆ రోజుకి చూశాడు మహానుభావుడు! నోరు నొప్పెట్టేలా చెప్పినప్పుడు ఎక్కడున్నాయో ఆ కళ్లు. బావగారు గ్లాసు కింద పెట్టి, లారీ లోడింగుందని గబగబా వెళ్లిపోయారు.

"బెల్టియ్యి. నట్టు సేసిత్తాను" అన్నాడు మా ఆయన మెల్లిగా.

"కిందే ఉన్నాది. వొంగి తీస్కో."

వంగి తీసుకున్నాడు. ఆ సాయంత్రానికి కొత్త నట్టు తయారైంది. వంచిన స్విచ్చిని నేను సరిచేసుకున్నాను. నట్టు బిగించి మీట నొక్కితే హెడ్డు మళ్లీ పైదాకా లేచింది.

"పన్జేస్తన్నాది" అన్నాడు మా ఆయన, తనే ఆ మోటారు పెట్టినట్టు.

అది లేస్తోంది. నా చెయ్యి ఈనాటికీ లేవడం లేదు. అడిగినప్పుడే మోటారు పెట్టించుంటే రెండూ లేచేవి.