ఒక్కచోటమ్మ

పొద్దున పదకొండైంది. బయట వాన. నా కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. టీ అయినా తాగుదామని వెళ్లి, కంప్యూటరు ముందున్న ఆవిణ్ణి, "అమ్మా, చక్కెర ఎక్కడుంది?" అని అడిగా. ఆవిడ తలెత్తకుండా గోడకేసి వేలు చూపించింది. అక్కడో కాగితం, దాని నిండా సన్నటి రాత. చదివినట్టు తలూపి, చప్పటి టీ తాగొచ్చా.

ఆవిడంతే. ఏదైనా ఒక్కచోట రాసి పెడుతుంది, జన్మలో రెండోసారి చెప్పదు. అందుకే మేమంతా ఒక్కచోటమ్మ అనేవాళ్లం. చాటుగా కాదు, మొహంమీదే.

మాది కుళాయిలూ పైపులూ అమ్మే గోడౌను. నేను హమాలీని. ఆవిడ మా వెబ్‌సైటు చూసుకునేది. సరుకు చిట్టాలు కూడా అందులోకే ఎక్కించి, మా చేతికి తలా ఒక ట్యాబు ఇచ్చారు. అది చూసుకుని పెట్టెలు మొయ్యాలి.

ఆవిడకి ముందున్నాయన మూడొందల పేజీలకీ విడివిడిగా రంగులేసేవాడు. ఓనరు రంగు మార్చమంటే చాలు, పాపం వారం రోజులు అన్నం మానేసేవాడు. ఈవిడొచ్చి అవన్నీ పీకేసింది.

"స్టైల్ షీట్ అని ఒక్కటే ఫైలు అన్నా. అక్షరం ఎంతుండాలో, ఏ రంగుండాలో అందులో రాస్తా. పేజీలన్నీ దాని మాటే వింటాయి."

"అన్నీనా?"

"మీకంటే బుద్ధిగా."

ఒకరోజు ఓనరు, "ఆ ఎరుపు కళ్లలో పొడుస్తోంది, ఆకుపచ్చ చెయ్యి" అన్నాడు. ఆయన కుర్చీలోంచి లేచేలోపే అయిపోయింది.

"మూడొందల పేజీలూ మార్చేశావా?"

"లేదండీ, ఒక్క లైనే."

అక్కడే నా కొంప మునిగింది. నేను మూడో తరగతిలోనే బడి మానేశా. పెద్దక్షరాలైతే కూడబలుక్కుంటా గానీ, ట్యాబులోవి చీమల బారు. ఎవరికీ చెప్పలా. అర్జెంటు సరుకు పేరు ఎర్రగా ఉండేది కాబట్టి ఆ రంగు చూసి మోసేవాణ్ణి. ఆ రోజు సాయంత్రందాకా ఎరుపు కోసం చూస్తూ కూర్చున్నా. లారీ ఖాళీగా పోయింది.

సూపర్‌వైజర్ ఎగిరాడు. "అర్జెంటు అని రాసుందిగా!"

"ఎర్రగా లేదు సార్."

"చదవడం రాదా? ఇంకో లారీ ఇలా పోతే, దాని వెనకే నువ్వూ!"

అందరూ పగలబడి నవ్వారు. ఈ వయసులో నాకింకో పని ఎవడిస్తాడు? ఒక్కచోటమ్మ మాత్రం నవ్వలా. నేను ట్యాబుని ముక్కుకి ఆనించుకోవడం చూసింది.

మర్నాడు ట్యాబు తెరిస్తే గుమ్మడికాయలంత అక్షరాలు! నాకే కాదు, అందరికీ. ఓనరు పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇది, నా కుళాయిలు అరుస్తున్నాయి!"

"నాకు కళ్లు కనబడట్లేదండీ. ఒక్కచోట మార్చా, అందరికీ మారింది."

ఈ ముక్క అన్న ఆవిడ గోడౌను ఆ చివర బల్లిని ఈ చివర్నుంచి లెక్కపెట్టగలదు. వారం తిరక్కుండా కొనేవాళ్లలో పెద్దవాళ్లు, "ఇప్పుడు చదవగలుగుతున్నాం బాబూ" అని ఫోన్లు చేశారు. దాంతో ఆ ఆలోచన తనదేనని ఓనరు చెప్పుకోవడం మొదలెట్టాడు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, ఏడాదికల్లా చదవడం పట్టేశా. లారీ మళ్లీ ఖాళీగా పోలా.

తర్వాతో రోజు పొద్దున ఆవిడ కుర్చీలో ఓనరు తెచ్చిన కొత్త కుర్రాడున్నాడు. ఫైలులో అక్షరాల కొలత చూసి గొణుక్కుంటున్నాడు.

"ఎవరో ఒకరికి కనబడకపోతే ఆ ఒక్క ట్యాబులో పెద్దవి చేసుకోవచ్చు. రెండు నిమిషాల పని. ఆవిడకి తెలీదా?"

తెలీకేం. ఒక్క ట్యాబులోనే మారిస్తే, అదెవరిదో గోడౌనంతా చూసేది.

"అసలావిడేదయ్యా? మాలో ఎవరికీ ఒక్కమాటైనా చెప్పలేదే!" అని అరుస్తూ వచ్చాడు సూపర్‌వైజర్.

నేను గోడకేసి వేలు చూపించా. చక్కెర కాగితం కింద కొత్త లైను, ఈసారి గుమ్మడికాయలంత అక్షరాల్లో. అందరికంటే ముందు నేనే, గోడౌనంతా వినబడేలా చదివా.

"వెళ్తున్నా. మళ్లీ అడగొద్దు."