ఫోనులో నిలిపిన మంద

గొర్లు కాసిన ఇంట్ల పుట్టి గొర్ల విషయంలనే మోసపోయిన మనిషిని నేను. పోనీ ఆ గొర్లన్నా నిజమైనవా అంటే అవీ కావు. ఫోనులో ఉండేవి, వేలు పెడితే "బే" అనేవి. అన్ని లేని గొర్ల నడుమ ఉన్న ఒకే ఒక్క అసలు గొర్రె నేనేనని తెలిసేటప్పటికి నా చేను బోడగుండయింది. ఈ సంగతి మా చుట్టాలందరికీ ఎరుకే కాబట్టి దాచి లాభం లేదు. వాళ్లు చెప్పుకునేకన్న నేనే చెప్పుకుంటే నా తరఫున గూడ రెండు మాటలు పడతయని రాస్తున్న.

నాది నందికొండల, సాగర్ కాలువల కొలువు. ఏ తూముకు ఎన్ని నీళ్లు పోతున్నయో చూసుకునే పని. మా బిడ్డ చదువుకని హైదరాబాదు హాస్టల్‌కు పోయిన కొత్తల రోజూ ఫోన్ చేస్తుంటి. "తిన్నవా బిడ్డా" అంటే "తిన్న". "ఏం తిన్నవ్" అంటే "అన్నం". "ఇంకేంది" అంటే "ఏం లేదు". తర్వాత ఇద్దరం కొంచెంసేపు ఒకరి ఊపిరి ఒకరం విని పెట్టేస్తుంటిమి. తల్లితోని గంటలకు గంటలు మాట్లాడే పిల్లకు నా దగ్గరికొచ్చేసరికి మాటలు కరువు. నాకూ అంతే. తూములు తెరుచుడు తెలుసు గని నోరు తెరుచుడు రాదు.

సెలవులకొచ్చినప్పుడు ఉపాయం అదే చెప్పింది. "నాయినా, నేను రోజూ ఒక ఆట ఆడుత. నువ్వు గూడ దాంట్లకు రా. అక్కడ కలుద్దాం."

"ఆటంటే ఎవరు గెలుస్తరు మరి?"

"ఎవరు గెల్వరు, ఎవరు ఓడరు. పెద్ద జాగ ఉంటది. చెట్లు కొట్టుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, పంట ఏసుకోవచ్చు, బజార్ల అమ్ముకోవచ్చు. వేరే వేరే ఊర్లోళ్లు, దేశాలోళ్లు అందరుంటరు. ఎవరిష్టం వాళ్లది. బతుకుడే నాయినా."

"బతుకుడు ఇక్కడ చేస్తనే ఉన్న గద బిడ్డా. మళ్ల ఫోనుల గూడనా?"

నవ్వి, నా ఫోను గుంజుకొని ఆట ఎక్కించింది.

ఆ లోకంల ఒట్టి చేతులతోని దిగిన. వాగు ఒడ్డున మా బిడ్డ చేను, దాని పక్కనే ఖాళీగున్న ఒక భూమి చెక్క. అది నా పేరు మీద రాయించి, ఒక గొడ్డలి, పిడికెడు గోధుమ విత్తనం చేతిల పెట్టింది. తండ్రి బిడ్డకు భూమి రాసిచ్చుడు చూసిన గని బిడ్డ తండ్రికి ఇచ్చుడు మా వంశంల అదే మొదలు. దారెంట పోయే ప్రతి బొమ్మను "ఏం తమ్మీ, బాగున్నవా" అని పలకరిస్తుంటి. ఒక బొమ్మ ఆగి, "తమ్మిని కాదండీ, నేను రిటైరయిన పంతులమ్మను" అని జవాబు రాసింది. అప్పటి సంది అందరినీ "మీరు" అనుడు మొదలుపెట్టిన. దొంగలను గూడ.

మొదటి పంట గోధుమ. మోసుకొని బజారుకు పోతే అక్కడ అందరి దుకాణాల్ల గోధుమే. ధర సర్కారు పెట్టేది కాదు, ఆడేటోళ్లు పెట్టుకునేదే. ఎవరి దగ్గర లేనిది ఉంటే రాజు, అందరి దగ్గర ఉన్నదే ఉంటే బిచ్చగాడు. హాలియా మార్కెట్‌ల వడ్ల కుప్ప పక్కన బీడీ మీద బీడీ తాగే రైతుల మొఖం నాకు ఆ రోజు నా బొమ్మ మొఖంల కనబడ్డది. బొమ్మకు బీడీ లేదు, అంతే తేడా.

శిస్తు గూడ ఉండె. పంటలు శిస్తుగ పండినా పండకున్నా శిస్తు మాత్రం వారం వారం శిస్తుగ కట్టాలె. కట్టకపోతే జాగ వేలానికి పోతది. వాగు ఒడ్డు చెక్కలకు కాసుకొని కూసున్నోళ్లు మస్తుమంది. ఒకసారి పోయిందంటే మళ్ల జాగ ఎక్కడో మంచుకొండల దిక్కు దొరుకుతది. అక్కడినుంచి మా బిడ్డ కంచె కాడికి నడిచొచ్చేసరికి దాని చదువు అయిపోతది.

నాకు ఆ కంచె కావాలె. ఎందుకంటే అటు అది కలుపు తీస్తుండంగ, ఇటు నేను తవ్వుతుండంగ, మా బిడ్డ మాట్లాడుతుండె. హాస్టల్ పప్పుల పప్పు వెతుక్కునే సంగతి, పక్క మంచం పిల్లతోని మాటలు బందయిన సంగతి, ఒక పరీక్ష పోయిన సంగతి, అది అమ్మకు చెప్పొద్దన్న సంగతి. చేతికి పనుండి, మొఖాలు చూసుకునే అవసరం లేకపోతే మాటలు వాటంతటవే వస్తయేమో. ఫోన్ చేస్తే చెప్పనియి ఫోను లోపలి చేన్ల చెప్పింది.

గట్ల నడుస్తుండంగ మా బామ్మర్ది దిగిండు. నా భార్యకు తమ్ముడు, హాలియాల ఎరువుల దుకాణం. బావ, మేనకోడలు ఏదో ఆట ఆడుతున్నరని విని, నాకు అటు పక్కన ఉన్న చెక్క పట్టిండు. పంట పెట్టలేదు. సక్కగ గొర్లను కొన్నడు. వారం తిరగకముందే నా గేటు కాడికొచ్చి నిలబడ్డడు.

"బావా, నా చేన్ల గడ్డి లేదు. మందను జర నీ చేన్ల నిలుపుకుంట. ఏమంటవ్?"

మా బాపుది పాలమూరు మెట్ట. ఎండకాలం వస్తే మందను తోలుకొని కాలువ కింది ఊర్లకు దిగుతుండె. కోతలైన పొలాల్ల రాత్రిపూట మంద పండుకుంటే ఆ పెంటతోని నేల బలమైతది. అందుకని రైతులే ఎదురొచ్చి, "ముందు నా పొలంల నిలుపు, ముందు నా పొలంల నిలుపు" అని బాపు చేతులు పట్టుకుంటుండ్రి. నిలిపినందుకు గింజలు కొలిచి పోస్తుండ్రి. ఆ గింజలే మేం తిన్నం. గని మంద మాది, చేను మందిది. మా సొంత చేన్ల మంద పండుకున్న రోజు మా బాపు చూడలేదు. ఉంటే గద చేను.

ఇన్నేండ్లకు నాకొక చేనుంది, దాంట్ల మంద దిగుతాందంటే నా మనసు ఎట్లుండాలె! గేటు బార్ల తెరిచిన. అంతటితోని ఆగినా బాగుండు. మంద నిలిపినోనికి గింజలియ్యకపోతే మర్యాద కాదని రోజుకో బస్త గోధుమలు తీసి బామ్మర్ది చేతిల పెట్టిన. వాడు మొదటి రోజు నా దిక్కు వింతగ చూసిండు. రెండో రోజు సంచి తెచ్చుకున్నడు.

మంద మేసింది. మేసి మేసి పెరిగింది. వాడు తెల్లారంగనే వచ్చి ఉన్ని కత్తిరించుకొని బజారుకు పోతుండె. నేను బోసిపోయిన నేలను చూసి, "ఎంత బలం పడుతాందో" అని మురిసిపోతుంటి.

పరీక్షలని మా బిడ్డ కొన్ని దినాలు ఆటకు రాలేదు. వచ్చిన రోజు కంచె అవతల బిర్రుగ నిలబడిపోయింది.

"నాయినా, చేనేంది గిట్లయింది?"

"మంద పడ్డది బిడ్డా. వచ్చే పంట చూడు నువ్వు."

నా చేనంత ఒకసారి చుట్టి చూసింది. తర్వాత అడిగింది. "నాయినా, గీ ఆటల గొర్లు పెంటెయ్యవు. ఎరుకేనా?"

"తింటున్నయి గద!"

"తింటయి."

"మరి అంత తిని ఏం జేస్తున్నయి?"

"ఉన్ని పెంచుతున్నయి. మామ అమ్ముకుంటున్నడు."

హైదరాబాదుల అది నవ్విన నవ్వుకు పక్క మంచం పిల్ల ఏమైందని లేచి వచ్చిందట. ఇద్దరికీ మాటలు మళ్ల కలిసినయి. నా మూర్ఖత్వంతోని జరిగిన మంచి గదొక్కటి.

నవ్వు ఆగినంక లెక్క చూస్తే గుమ్మిల గింజ లేదు, మొక్క లేదు, శిస్తు గడువు ముందల పడ్డది. మా బిడ్డ కూడబెట్టిందంత అప్పుడే ఇంటికి పైకప్పు ఏసి ఖాళీ చేసుకున్నది. "ఫికర్ చెయ్యకు నాయినా, చెక్క పోతే పోయింది" అన్నది గని ఆ అన్నుడుల నవ్వు లేదు.

ఆదివారం బామ్మర్ది సాగర్ చాపలు పట్టుకొని ఇంటికొచ్చిండు. పళ్లెం ముందల కూసున్నంక అడిగిన.

"ఏమయ్యా బామ్మర్దీ, గొర్లు పెంటెయ్యవని నీకు తెల్వదా? ఎరువుల దుకాణం నడుపుతవ్."

"నువ్వు అడగకపోతివి బావా."

"గింజలెందుకు తీసుకున్నవ్ మరి?"

"నేనడిగిన్నా? నువ్వే పిలిచి పిలిచి పెడితివి. పెద్దమనిషి ఇస్తుంటే వద్దంటే బాగుండదని పట్టుకున్న."

చాప ముక్క వేస్తున్న నా భార్య తమ్ముని దిక్కే నిలబడ్డది. "వాడు తప్పేం జేసిండు? నువ్వు గేటు తీసినవ్, గొర్లు మేసినయి. గొర్లన్నంక మెయ్యవా?"

ఆ హుషారుల వాడు ఇంకో సంగతి చెప్పిండు. మంచుకొండలకు పోయే ఒక గుంపుకు కోట్లకోసం ఉన్ని ఇస్తనని మాటిచ్చిండట. శనివారం పొద్దుగూకేలోపల ఇయ్యాలె, అందుకని అప్పటిదాంక కత్తిరించకుండ ఉన్నిని గొర్ల మీదనే పెంచుతడట. మాట తప్పితే బజార్ల పేరు మీద నల్ల గుర్తు పడతది, ఇంక వానితోని ఎవరూ బేరం చెయ్యరు. "మస్తు లాభం బావా. నీ పుణ్యమే" అని చాప ముల్లు తీసి పక్కకు పెట్టిండు.

ఆ సాయంత్రం కంచె కాడ మా బిడ్డకు చెప్పిన. అది ఆట నియమాలన్నీ తిరగేసి ఒకటి చదివి వినిపించింది. గొర్రె ఎవరిదైనా, ఎవరి కంచెల నిలబడి ఉంటే వాళ్లు దాని ఉన్ని కత్తిరించుకోవచ్చు. మేత పెట్టినోనికి హక్కన్నమాట. అందుకే మా బామ్మర్ది ఇన్ని రోజులు తెల్లారంగనే వచ్చిండు, నాకంటే ముందు కత్తెర పెట్టడానికి. ఆటల గూడ న్యాయముంది, నాకే చదివే ఓపిక లేకపోయింది.

శుక్రవారం హాలియాల వాని దుకాణానికి యూరియా లారీ దిగింది. యూరియా వచ్చిందంటే వానకాలంల ఆ దుకాణం ముందర లైను సడక్ దాంక ఉంటది. ఫోను దిక్కు చూసే తీరిక గాదు, చాయ తాగే తీరిక గూడ ఉండదు. నేను అరపూట సెలవు పెట్టిన. కారణం కాడ "సొంత పని" అని రాసిన. ఉన్ని పని అని రాయలేను గద.

గేటు మూసిన. కత్తెర తీసుకున్న. మా బాపు ఒక్కొక్క గొర్రెను ఒడిల పండబెట్టుకొని, కాళ్లు కట్టి, చెమటలు కక్కుకుంట చేసిన పనిని నేను కుర్చీల కూసొని బొటనవేలితోని చేసిన. అయినా నడుం నొప్పి వచ్చింది. వంశం అట్లాంటిది. అటు నుంచి మా బిడ్డ, "ఎడమ పక్కది మర్సిపోయినవ్ నాయినా, దాని వెనకాలది గూడ" అని క్లాసు ఎగ్గొట్టి చూపిస్తుండె. ఎందుకు ఎగ్గొట్టినవని నేను అడగలేదు. నేను పెట్టింది గూడ అసొంటి సెలవే.

బజార్ల కొంత ఉన్ని అమ్మిన. శిస్తు కట్టిన. చెక్క నిలిచింది. మిగిలిన ఉన్నితోని ఒక దుకాణం పెట్టుకొని కూసున్న. ఆ రోజు బజారు మొత్తం మీద ఉన్ని ఉన్నది నా ఒక్కని దగ్గరనే. ఉన్నోడంటే అప్పుడు నేను.

శనివారం పొద్దున మా బామ్మర్ది వచ్చి తన గొర్లను చూసుకున్నడు. పాపం, బనీన్లు తీసిన పహిల్వాన్ల లెక్క నిలబడ్డయి. అటూ ఇటూ తిరిగి, బజారంత వెతికి, ఆఖరుకు నా దుకాణం కాడికొచ్చి ఆగిండు. ప్రతి దుకాణం మీద ఒక బోర్డు ఉంటది, మనకు నచ్చింది రాసుకోవచ్చు. నాది మా బిడ్డ రాసి పెట్టింది: "ఇక్కడ అసలైన బామ్మర్ది ఉన్ని అమ్మబడును."

చదివినట్టున్నడు.

"బావా, బేరం ఆడొచ్చా?" అని అడిగిండు.

"అయ్యో, అడగాల్నా? మన ఇంటోనివి, ఆడు" అన్న.

ఆడిండు. అక్క పేరు తీసిండు, చాపల సంగతి తీసిండు, నా పెండ్లిల వాడు కట్టిన పందిరి గుంజలు గూడ తీసిండు. పాపం, పొద్దుగూకే గడువు దగ్గర పడేదాంక ఆడనిచ్చిన. ప్రతి మాటకు "నిజమే బామ్మర్దీ, నిజమే" అన్న. ధర మాత్రం ఒక్క పైస తగ్గించలేదు.