మూలికలమ్మ వంతు

చీరాలలో మా ఇల్లు పల్లంలో ఉండేది. కార్తీకంలో ముసురు పట్టిందంటే మగ్గం గుంటల్లో నీళ్లు ఊరేవి. నేసేవాడు కాళ్లు గుంటలోకి దించి తొక్కితేనే మగ్గం ఆడుతుంది. పిక్కల్లోతు నీళ్లలో కాళ్లు పెట్టుకుని ఎవరు నేస్తారు? పైగా పడుగుకు పెట్టిన గంజి ఆరదు. అందుకని ముసురు ఉన్నన్నాళ్లూ మా రెండు మగ్గాలూ ఆగిపోయేవి. నాన్న గుమ్మంలో కూర్చుని ఆకాశాన్ని తిట్టేవాడు. అన్నయ్యా, అక్కా, నేనూ మగ్గాల మధ్య నేల మీద సుద్దముక్కతో రాక్షసుడి కోట గీసుకునేవాళ్లం.

ఆ ఆట తయారుచేసింది నేనే. గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. అందులో నేను పెట్టిన నియమాల్లో ఒకదాని గురించి రాయాలి. అక్క పోయి ఇన్నేళ్లయినా అది నన్ను వదలడం లేదు. ఈ వయసులో కూడా రాయకపోతే ఇంకెప్పుడు రాస్తాను?

యాభైలు సగం దాటిన రోజులు. నాకు పదకొండేళ్లు, అక్కకు పద్నాలుగు, అన్నయ్యకు పదహారు. టూరింగ్ టాకీసులో చూసిన కత్తియుద్ధాలూ, అమ్మమ్మ చెప్పిన మాంత్రికుల కథలూ కలిపి ఆట చేశాను. సుద్దగీతల్లో ఊరు, అడవి, ఏరు, చివర రాక్షసుడి కోట. ఎన్ని అడుగులు వెయ్యాలో, దెబ్బ తగిలిందో లేదో గవ్వలు చెబుతాయి. ప్రాణాలు చింతపిక్కలు. పిక్కలు అయిపోతే చచ్చినట్టు. చివరి దెబ్బతో రాక్షసుణ్ణి చంపినవాడిదే రాజ్యం.

ముగ్గురికీ మూడు వేషాలు. నేను యోధుణ్ణి, పది పిక్కలు, ఒక కత్తి. అన్నయ్య మాంత్రికుడు, ఐదే పిక్కలు, కానీ అతని మంత్రం తగిలితే రాక్షసుడి సగం ప్రాణం పోతుంది. అక్క మూలికలమ్మ. ఏడు పిక్కలు. వంతు వచ్చినప్పుడల్లా మూలిక నూరి ఎవరికైనా రెండు పిక్కల ప్రాణం పోయొచ్చు. ఆ వేషం మేమిద్దరం వద్దన్నాం కాబట్టి అక్కకు వచ్చింది. ఆవిడను ఎవరూ అడగలేదు.

మొదట్లో అన్నయ్యే గెలిచేవాడు. రెండు మంత్రాలు, రాక్షసుడు చిత్తు. నాకు ఒళ్లు మండేది. మంత్రం వెయ్యాలంటే ముందు రెండు వంతులు ఊరికే కూర్చుని జపం చెయ్యాలని నియమం పెట్టాను. అప్పట్నుంచి నేను గెలవడం మొదలుపెట్టాను. అన్నయ్య పిక్కలు విసిరికొట్టి లేచిపోయాడు. సరే, జపం ఒక్క వంతు చాలన్నాను. కత్తికి ఒక దెబ్బ తగ్గించాను. ఇలా ఆ ముసురు రోజులన్నీ నేను ఆట ఆడిన దానికంటే సరిచేసిందే ఎక్కువ. మగ్గం మీద పడుగు ఒక పక్క వదులైతే గుడ్డ వంకర పోతుంది, అలాగే వేషాల మధ్య కూడా లాగుడు సమంగా ఉండాలని నా పట్టుదల. నేనేదో పెద్ద ధర్మరాజుననుకున్నాను.

ఒకరోజు అక్క గెలిచింది.

ఎలాగంటే, మేమిద్దరం ఒకరికంటే ఒకరు ముందు దెబ్బ కొట్టాలని ఎగబడి చచ్చాం. అక్క మాత్రం వంతు వంతుకీ తనకు తానే మందు వేసుకుంటూ ఒక మూల కూర్చుంది. రాక్షసుడు అప్పటికే చితికిపోయి ఉన్నాడు. మూలికలు దంచే రోకలితో మూడు దెబ్బలు వేసింది, వాడు కాస్తా పడ్డాడు. అక్క చప్పట్లు కొట్టుకుంటూ, "అమ్మా, రాజ్యం నాదే!" అని వంటింట్లోకి కేకేసింది. అంత గట్టిగా అరవగలదని మాకు అప్పుడే తెలిసింది.

మాకు తల కొట్టేసినట్టయింది. అన్నయ్య అన్నాడు, "ఏరా, మందులు నూరుకునే మనిషి రాజ్యం ఏలుద్దా? ఇదేం ఆట?"

నేను ఆలోచించి నియమం చెప్పాను. మూలికలమ్మ తనకు తాను మందు వేసుకోకూడదు. ఇతరులకు పోసే పిక్కలు కూడా ఊరికే రావు, తన పిక్కల్లోంచే తీసి ఇవ్వాలి.

"ఒరేయ్, మందు చేసేదాన్ని నేనైతే నాకు నేను వేసుకోకూడదా?" అంది అక్క.

"మరి నువ్వు చావకుండా కూర్చుంటే మేమెట్టా గెలిచేది?"

అన్నయ్య నా మాటకు వెంటనే సరేనన్నాడు. మా ఇద్దరికీ ఆటలో కుదిరిన ఒప్పందం అదొక్కటే. అక్క కాసేపు నా మొహం చూసి, "సర్లే, ఆడండి," అంది. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడూ గెలవలేదు. మేమెప్పుడు దెబ్బతిన్నా తన పిక్కలు రెండు జరిపేది. అడవి దాటకుండానే చచ్చిపోయి, గోడకు ఆనుకుని మా ఆట చూసేది. ఇప్పుడు అందరికీ సమంగా కుదిరిందని నేను సంబరపడ్డాను.

తర్వాత నాలుగేళ్లకు నేనూ మగ్గం ఎక్కాను. ఇంట్లో మూడు మగ్గాలయ్యాయి. మూడింటికీ కండెలు చుట్టేది అక్కే. పడుగు మధ్య అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టే చిన్న కండె మీదికి రాట్నంతో నూలు ఎక్కించాలి. అది గట్టిగా చుట్టాలి, మరీ బిగించకూడదు. వదులైతే నాడె విసిరినప్పుడు పోగు చిక్కుపడి తెగుతుంది. కండె అయిపోతే మగ్గం ఆగుతుంది. నాన్నా, అన్నయ్యా, నేనూ "కండె!" అని కేకేసేవాళ్లం, అక్క తెచ్చి ఇచ్చేది. బాగా నేశారని మా చీరలు చూసి నాన్ననూ అన్నయ్యనూ మెచ్చుకున్నవాళ్లున్నారు. కండెలు ఎవరు చుట్టారని అడిగినవాళ్లు లేరు.

రాట్నం దగ్గర నూలు నలుసు లేస్తుంది. రోజంతా అది ముక్కులోకీ గొంతులోకీ పోతుంది. అందుకని మా ఇళ్లలో సాయంత్రం రాట్నం ఆపగానే కండెలు చుట్టే మనిషికి బెల్లం ముక్క పెడతారు. అది నలుసును కడుపులోకి జారుస్తుందని నమ్మకం. మా ఇంట్లో దగ్గు అంటే జబ్బు కాదు. దగ్గు అంటే బెల్లం తక్కువైందని.

అక్క దగ్గు మొదలుపెట్టింది. అమ్మ బెల్లం ముక్క పెద్దది పెట్టింది. దగ్గు తగ్గలేదు. పొద్దున ఒక ముక్క, సాయంత్రం ఒక ముక్క అయింది. "నూలు పని చేసే ఇంట్లో దగ్గని మనిషి ఉంటాడా?" అన్నాడు నాన్న. మనిషి చిక్కిపోతుంటే ఎండలని సరిపెట్టుకున్నాం. సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతుంటే పని అలసట అన్నాం. ఇలా ఏడెనిమిది నెలలు మేం ఆవిడకు బెల్లంతో వైద్యం చేశాం.

ఒకరోజు నా చేతికి వచ్చిన తెల్ల కండె మీద ఎర్రటి మరక ఉంది. ఆ వారం పెరట్లో ఎరుపు రంగు అద్దకం జరుగుతోంది. "రంగు చేతులతో తెల్ల నూలు ముట్టుకుంటారా? బుద్ధుందా నీకు?" అని కండెను అక్క ముందుకు విసిరాను. అక్క దాన్ని తీసుకుని, మరక పడిన నూలంతా విప్పి పారేసి, కొత్తగా చుట్టి తెచ్చింది. ఆ రోజు అక్క రంగు ముట్టుకోలేదని అమ్మ చెప్పడానికి మరో పది రోజులు పట్టింది. అప్పటికి అక్క పమిట కొంగుకు అంటిన నెత్తురు కూడా చూశాం.

తెనాలిలో రైలు మారి అక్కను గుంటూరు తీసుకెళ్లాను. మిరపకాయల రోజులు. దారి పొడుగునా కల్లాల్లో ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. పెట్టెలో ఎవరివో మిరప బస్తాలు. ఆ ఘాటుకు ఎక్కినవాళ్లందరూ దగ్గుతున్నారు. అక్క నవ్వి, "చూశావా, ఇక్కడ నన్నెవరూ పట్టించుకోరు," అంది. ఆ నవ్వు చూసి ఏమీ కాదనే అనుకున్నాను. ఆస్పత్రిలో డాక్టరు గారు ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించి, వెలుతురుకు పట్టుకుని చూసి, "ఇన్నాళ్లు ఏం చేశారయ్యా?" అని అడిగారు. బెల్లం పెట్టామని ఎలా చెప్పను?

క్షయ. అయినా ఆశ ఉందన్నారు. ఆర్నెల్లు అక్కడే ఉండాలి, రోజూ సూది మందు, తర్వాత ఏడాదిన్నర మాత్రలు, విశ్రాంతి. మధ్యలో మానేస్తే మందు ఇక పనిచెయ్యదని రెండుసార్లు చెప్పారు. నాకే చెప్పారు, నా కళ్లలోకి చూస్తూ. అన్నయ్యకూ నాన్నకూ చదువు రాదు. వినాల్సినవాణ్ణి నేనే.

అక్క అక్కడ కోలుకుంటూ వచ్చింది. రెండో నెల చూడ్డానికి వెళ్లినప్పుడు బుగ్గలు కాస్త నిండి ఉన్నాయి. ఇంట్లో మాత్రం అంతా తలకిందులైంది. అమ్మ చుట్టిన కండెలు వదులుగా వచ్చేవి. పోగు తెగడం, ముడి వెయ్యడం, మళ్లీ తెగడం. మూడు మగ్గాల్లో ఒకటి నిలిచిపోయింది. నిలిచింది నాది, చిన్నవాణ్ణి కదా. పెళ్లిళ్ల రోజులు, చీరలు కావాలని షావుకారు మనిషి రోజూ గుమ్మం దగ్గర. నాన్న నన్ను చూసి విసుక్కునేవాడు. ఖాళీగా కూర్చోవడం నాకు నామోషీ అయింది.

అప్పుడు నేను అక్కకు కార్డు రాశాను. రమ్మని రాయలేదు. ఇన్నేళ్లూ ఆ ముక్కను అడ్డం పెట్టుకుని బతికాను. "అమ్మ కండెలు నిలవడం లేదు. నా మగ్గం ఆగిపోయింది. నువ్వు త్వరగా నయమై రావాలి," అని రాశాను. చదివిన మనిషి ఎవరో తెలిసి రాశాను. రెండు పిక్కలు కావాలని యోధుడు ఎప్పుడు అడిగినా జరిపిన మనిషికి రాశాను.

నాలుగో రోజు మధ్యాహ్నం చేతి సంచితో అక్క గుమ్మంలో ఉంది. "బానే ఉన్నాన్రా, దగ్గు లేదు. సూదులు ఇక్కడి కాంపౌండరు చేత వేయించుకుంటా," అంది. డాక్టరు గారు చెప్పింది నాకు గుర్తుంది. తెనాలి వరకైనా వెనక్కి తీసుకెళ్లి బండి ఎక్కించి ఉండవచ్చు. నేను లోపలికి వెళ్లి కండెలు చుట్టాల్సిన నూలు చిలప తెచ్చి రాట్నం పక్కన పెట్టాను. నా చేతులతోనే పెట్టాను. ఆ సాయంత్రానికి మూడు మగ్గాలూ ఆడాయి. నాన్న చాలా రోజులకు కడుపునిండా తిన్నాడు.

సూదులు కొన్నాళ్లు వారానికి మూడయ్యాయి, తర్వాత ఒకటి. పని ఎక్కువున్న వారం అదీ లేదు. మళ్లీ దగ్గు వచ్చినప్పుడు నేనే గుంటూరు తీసుకెళ్లాను. డాక్టరు గారు ఈసారి నన్ను ఏమీ అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికి తీసుకెళ్లండి అన్నారు.

అరవైలు వచ్చిన మొదట్లో, ఆ కార్తీకంలో ముసురు పట్టింది. మగ్గం గుంటల్లో నీళ్లు. అక్క మంచం మేం పనిచేసే గదిలోనే, గోడవారగా ఉంది. ఒక మధ్యాహ్నం, "ఒరేయ్, కోట గియ్యరా," అంది. పెళ్లయి పిల్లవాడి తండ్రైన అన్నయ్య చింతపిక్కలు వెతికి తెచ్చాడు. సుద్ద దొరక్కపోతే బొగ్గుతో గీశాను. అక్క పక్క మీద నుంచి కనబడేలా మంచం పక్కనే గీశాను.

పిక్కలు పంచుతూ అన్నాను, "అక్కా, ఆ నియమం తీసేశాను. నీకు నువ్వు మందు వేసుకోవచ్చు. ఎన్నిసార్లైనా వేసుకో."

"ఇప్పుడా?" అంది. వెక్కిరింపేమీ లేదు ఆ గొంతులో. అదే నాకు భరించరానిదైంది.

ఆట నడిచింది. అన్నయ్య మాంత్రికుడు జపంలో ఉన్నాడు. ఏరు దాటేటప్పుడు రాక్షసుడి బాణం నాకూ అక్కకూ తగిలింది. నాకు ఒక్క పిక్క మిగిలింది. అక్కకు రెండు. వంతు అక్కది. నేను ఆవిడ చెయ్యి వంకే చూస్తున్నాను. వేసుకో, వేసుకో అని లోపల మొక్కుకుంటున్నాను. ఆ రోజు ఆవిడ తనకు తాను మందు వేసుకుంటే చాలు, నేను మళ్లీ మనిషినవుతాననిపించింది.

అక్క రెండు పిక్కలూ వేలితో మెల్లగా నా వైపు జరిపింది. దుప్పటి అంచు మీద నుంచి ఒకటి కింద పడింది. "తీసుకోరా, నీకు ఒక్కటే ఉందిగా," అంది.

వద్దనవచ్చు. వెనక్కి పెట్టవచ్చు. నేను వంగి కింద పడినదాన్ని కూడా ఏరుకున్నాను. రెండూ నా ముందు పెట్టుకుని గవ్వలు వేశాను. ఆ ఆట నేనే గెలిచాను.