కాడతోటి రోజాపువ్వు

ముదిగుబ్బ బస్టాండు పక్కన అమీర్ బీ పూలమ్మబట్టి ఇరవై ఏండ్లు దాటింది. ఆమె మూర వేసిందంటే ఇంకో నాలుగు వేళ్లు ఎక్కువే వస్తుంది. అందుకే ఆడోళ్లు వేరే బండ్లు దాటుకుని మరీ వస్తారు. రోజాలూ అమ్మేది గానీ, కాడ తుంచి దండల్లోకే. కాడతో కావాలని ఎవరూ అడిగింది లేదు.

మొదట అడిగింది సుష్మ అని డిగ్రీ చదివే పిల్ల. ఏండ్ల కిందట ఒక ఫిబ్రవరి పద్నాలుగున వచ్చి, కాడ తుంచొద్దని, ఒక్కటే పువ్వు చాలని అనింది. ఒక్క పువ్వు ఏ జడకు సరిపోతుందని అమీర్ బీ నవ్వితే, సిగ్గుపడుకుంటానే ఆ దినం సంగతి చెప్పింది. ఎప్పుడో రోములో వాలెంటైన్ అని ఒక ఫాదరు ఉండెనంట. పెండ్లయినోళ్లు యుద్ధంలో నిలబడరని రాజు సిపాయిల పెండ్లిళ్లు ఆపిచ్చినాడంట. ఈయన చాటుగా చేసి పెట్టినాడంట. తెలిసి రాజు తల తీయించినాడంట. అది జరిగిందో, జనం కట్టిన కథో తెలీదని, ఆ దినాన పక్షులు జత కడతాయని వెయ్యేండ్ల తర్వాత ఇంగ్లీషు కవులు రాసినంకనే ప్రేమకు ముడి పడిందని కూడా చెప్పింది.

కవులూ పక్షులూ అమీర్ బీ మనసుకెక్కలేదు. పెండ్లిళ్లు చేసి ప్రాణం పోగొట్టుకున్న మనిషి ఎక్కినాడు. మరుసటేడు నుంచి ఆ దినానికి బెంగళూరు బస్సులో ఒక బక్కెట్టు కాడరోజాలు తెప్పించి, పువ్వుతో పాటు కథ కూడా చెప్పి పంపేది. ఏటేటికీ ఆమె నోట్లో ఆ రాజు ఇంకా దుర్మార్గుడైనాడు.

పోయినేడు ఆ దినాన గొర్రెల మందుకని వచ్చిన లక్ష్మన్న, బస్సు కోసం నిలబడి ఆ కథంతా విన్నాడు. డెబ్బై ఏండ్ల మనిషి. కొంచేపు యోచన చేసి దగ్గరికొచ్చినాడు.

"ముసిలోళ్లకు కూడా ఇది ఉండాదామ్మా?"

"ఆ సామి వయసు అడిగి పెండ్లి చేసినాడా అన్నా?"

లక్ష్మన్న ఒక పువ్వు తీసుకుని, ఎవరికీ కనపడకుండా మందుసంచిలో పెట్టుకుని బస్సెక్కినాడు.

తెల్లారి అదే పువ్వు చేత పట్టుకుని అతని పెండ్లాం నల్లమ్మ బస్సు దిగింది. తిట్టడానికే వచ్చిందనుకుని అమీర్ బీ బక్కెట్టును వెనక్కి జరుపుకునింది.

"నిన్న ఇది నా చేతిలో పెట్టి, ఒక్క మాట చెప్పకుండా గొర్రెల తట్టు పోయినాడు," అనింది నల్లమ్మ. "యాబై ఏండ్లలో ఎప్పుడూ లేంది. జ్వరమేమోనని ఒళ్లు కూడా పట్టి చూసినా. నువ్వు ఈడ ఏం చెప్పి పంపితివి?"

అమీర్ బీ ఆమెను గోనెపట్ట మీద కూర్చోబెట్టి, రోము కాడి నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. నల్లమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని విన్నది.

"అయితే జ్వరం కాదులే," అని, మెల్లగా, "నాకూ ఒకటియ్యి. కాడ ఉండేది," అనింది.

దినం నిన్ననే దాటిపోయిందక్కా అంటే, మేము తేదీ చూసుకుని కాపురం చేసినామా అని నల్లమ్మ బక్కెట్టులో మిగిలిన రెండిట్లో మంచిది ఏరుకునింది.

ఆ పువ్వు లక్ష్మన్న తలగుడ్డలో దోపుకుని గొర్రెల వెనక ఊరంతా నడిచినాడంట. పిల్లోళ్లు కేకలేసి నవ్వినా తీయలేదంట. ఈ సంగతి వారం తిరక్కుండానే నల్లమ్మ వచ్చి చెప్పింది. ఆయన చెట్టు కింద కునుకు తీస్తే పొట్టేలు ఆ పువ్వును కాడతో సహా నమిలేసిందంట. ఆపొద్దు నుంచి మనిషి దాంతో మాటల్లేకుండా ఉండాడంట.

"పొట్టేలు తినని పువ్వేమైనా ఉండాదా నీ కాడ?" అని నల్లమ్మ అడిగితే, అమీర్ బీ కట్టే మాల ఒళ్లో పడేసుకుని, కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.