శాలువాలకే సరిపోయిన సభ

ఈరోజు ఒక నర్సు మాట్లాడాల్సిన సమయాన్ని నేను శాలువాలకు ఖర్చు చేశాను.

వచ్చే పార్లమెంటు సమావేశాల్లో విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల కోసం కొత్త బిల్లు పెడతారట. అందులో ఏముండాలో మా నోటనే వినడానికి ఢిల్లీ నుంచి ఒక అధికారి వచ్చాడు, తెలుగాయనే. షార్జా అల్ నహ్దాలో మా తెలుగు సంఘం సభ పెట్టింది. కార్యదర్శిని నేనే.

ఆ నర్సుది కాకినాడ వైపు. ఆమె చెల్లెల్ని ఒక ఏజెంటు విజిట్ వీసా మీద తెచ్చి, అజ్మాన్‌లో ఒక ఇంట్లో పనికి పెట్టి, పాస్‌పోర్టు లాక్కున్నాడు. బిల్లు ముసాయిదా మాత్రం పని వీసా మీద వచ్చినవాళ్లనే కార్మికులంటోంది. ఆ సంగతి చెప్పడానికే ఆమె నైట్ డ్యూటీ దిగి, నిద్ర మానుకుని వచ్చింది.

మేమేం చేశాం? జ్యోతి వెలిగించాం. ఒక్కొక్కరినీ వేదిక మీదకు పిలిచాం, పిలుస్తూనే ఉన్నాం. కుర్చీ దొరకలేదని ఉపాధ్యక్షుడు అలిగి దిగిపోతే బతిమాలి ఎక్కించాం. శాలువా, పూలగుత్తి, ఫోటో. ఫోటోలో ఒకాయన కళ్లు మూసుకున్నాడని మళ్లీ అదే శాలువా. షార్జా ఎండల్లో ఉన్ని శాలువాలు! విసుక్కుందామంటే ఎవరి మీద? మైకు నా చేతిలోనే ఉంది. నా పేరు నేనే రెండుసార్లు పిలుచుకున్నాను.

చివరికి అధికారి వాచీ చూసుకుని, "ఫ్లైటుందండీ" అని లేచాడు.

ఆమె నా దగ్గరకొచ్చింది. "శాలువాలు కప్పడాలన్నీ ఖలాస్ అయ్యాయా అన్నయ్యగారూ? మా చెల్లికీ ఒకటివ్వండి, కప్పుకుని ఏడుస్తుంది."

కిందికి పరుగెత్తి, ఆయన కోసం వచ్చిన టాక్సీని పంపేసి, "నేను దింపుతాను సార్" అన్నాను. నా కారు వెనక సీట్లో ఆయన పక్కన ఆమెను కూర్చోబెట్టాను. ఎయిర్‌పోర్టు దగ్గరే. కావాలనే చుట్టుదారి పట్టాను.

"ఇటెందుకండీ?" అన్నాడాయన.

"అటు ట్రాఫిక్ సార్."

అబద్ధం. ఆమె అద్దంలో నన్నోసారి చూసి, చెల్లెలి సంగతి మొదలుపెట్టింది. ఆమె చెప్పడం అయ్యేదాకా నేను కారు నెమ్మదిగానే నడిపాను.

దిగేముందు ఆయన అన్నాడు: "బిల్లు సంగతి హామీ ఇవ్వలేనమ్మా, రాసుకున్నాను. మీ చెల్లెలి గురించి కాన్సులేట్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తాను. రేపు పొద్దున్నే వెళ్లండి."

"నేను సెలవు పెట్టి తీసుకెళ్తానమ్మా" అన్నాను.

"రండి" అంది. "మైకు మాత్రం తేకండి."