జ్యోతిర్మయి చదివిన పుస్తకం

కొత్తపేటలో ఒక డిగ్రీ కాలేజీ, ఆ కాలేజీలో మెట్ల కింద ఒక గది, ఆ గదిలో దుర్గాభవాని పుస్తకాల కొట్టు. గది చిన్నదే గానీ ఆవిడ గొంతు పెద్దది. ఎవరైనా కొత్త పుస్తకం కావాలని వస్తే ముందు స్టూలు మీద కూర్చోబెట్టి నిలదీస్తుంది.

"ఇదే కొనమని మేష్టారు చెప్పేరా, నీ అంతట నువ్వే అనుకున్నావా? పాతదానికీ దీనికీ అట్ట మారిందంతేనమ్మా. అట్ట చదువుతావేటి?"

కొట్టు పెట్టుకుని కొనొద్దని చెప్పే మనిషిని ఎక్కడా చూడలేదని కంపెనీల ఏజెంట్లు తల పట్టుకుంటారు. ఆవిడ లెక్కలు ఆవిడవి. పరీక్షలైపోయిన రోజు గేటు దగ్గర నిలబడి పిల్లల పుస్తకాలు సగం ధరకి తీసుకుంటుంది. చిరిగినవాటికి అట్టలు వేసి, వెనక వచ్చే పిల్లలకి ఇంకాస్త తక్కువకి ఇస్తుంది. కొనలేనివాళ్ళకి సెమిస్టరు మొత్తానికి అద్దెకిస్తుంది. అద్దె పుస్తకం మీద పేరు రాయకూడదు, పెన్ను పెట్టకూడదు, పెన్సిలైతే సరే. ఇంతే షరతు.

భర్త మస్కట్‌లో క్రేను నడుపుతాడు కాబట్టి ఈ కొట్టు ఆవిడకి కాలక్షేపమని ఊళ్ళో అనుకుంటారు. అనుకోనీండి. ఆవిడ చదువుకునే రోజుల్లో స్నేహితురాలితో కలిసి ఇద్దరికీ ఒకే పుస్తకం కొంది. నడి సంవత్సరంలో స్నేహితురాలికి పెళ్ళయింది. పుస్తకం కూడా పెళ్ళికూతురితో పాటు రాజోలు వెళ్ళిపోయింది. ఆ ఏడే దుర్గాభవాని చదువు ఆగిపోయింది. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే ఆవిడకి ఒళ్ళు మండుతుంది.

అలాంటి మనిషికి ఒక చిక్కొచ్చి పడింది. పాత పుస్తకం చేతికిస్తే చాలు, పిల్లలు ముందు మొదటి పేజీ తిప్పి ఎవరి పేరుందో చూస్తారు. బాగా చదివిన పిల్ల పుస్తకమైతే కళ్ళకద్దుకుంటారు. ఫెయిలైనవాడిదైతే తేలు కుట్టినట్టు వెనక్కి పెట్టేస్తారు. ఎవరు పాసయ్యారో ఎవరు తప్పారో ఈ ఊళ్ళో పిల్లి పిల్లకి కూడా తెలుసు. తప్పినవాళ్ళ పుస్తకాలన్నీ అడుగు అరలో పేరుకుపోయాయి.

ఆ ఏడు సత్యదుర్గ అని కొత్త పిల్ల వచ్చింది. వాళ్ళమ్మ కొబ్బరి పీచు పనికి వెళుతుంది. ఎకనామిక్స్ పుస్తకం అద్దెకి కావాలంది. ఉన్నవన్నీ అడుగు అరలోవే. మొదటి పేజీలో పేరు చూడగానే పిల్ల మొహం వాడిపోయింది.

"అంజిబాబు అంటే గేటు కాడ బజ్జీల బండి ఆయన కదండీ? ఎకనామిక్స్ తప్పేరు కదండీ? వద్దండి ఆంటీగారూ. మాయమ్మ ఒప్పుకోదండి. ఎలాగోలా కొత్తదే కొనుక్కుంటానండి."

ఎలాగోలా అంటే ఏమిటో దుర్గాభవానికి తెలుసు. పిల్లని మర్నాడు రమ్మంది. రాత్రికి రాత్రి ఆ పేరు మీద అట్ట కాగితం అంటించేసింది. మర్నాడు పుస్తకం చేతికిస్తూ, "ఇది జ్యోతిర్మయి చదివిందమ్మా, ఎవరితో అనకు" అంది.

జ్యోతిర్మయి అంటే మాటలా? ఎకనామిక్స్‌లో యూనివర్సిటీ ఫస్టు. గేటు మీద ఆ పిల్ల ఫ్లెక్సీ ఇంకా తియ్యలేదు. ఇప్పుడు అమలాపురంలో లెక్చరరు. సత్యదుర్గ పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని వెళ్ళింది. ఎవరితో అనకుండా ఉంటుందా? వారం తిరక్కుండా ముగ్గురొచ్చి జ్యోతిర్మయి పుస్తకం అడిగారు. ఒకసారి అబద్ధం ఆడిన నోరు మళ్ళీ ఎందుకు ఆగుతుంది! అడుగు అర చకచకా ఖాళీ అయింది.

వినాయక చవితి వచ్చింది. కాలేజీలో పందిరి వేశారు. పూజకి ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? జ్యోతిర్మయే. ఆ సంగతి విన్నప్పటి నుంచి దుర్గాభవానికి ముద్ద దిగలేదు. అసలు ముప్పు మాత్రం ఆ అమ్మాయి రాకముందే వచ్చింది. పిల్లలు పుస్తకాలు దేవుడి ముందు పెట్టి పసుపు బొట్లు పెడుతున్నారు.

"నాది జ్యోతిర్మయి అక్క చదివిన పుస్తకం" అని సత్యదుర్గ గొప్పగా చెప్పింది.

"నాదీ అదే" అంది పక్కపిల్ల. వెనకనుంచి మరో ఇద్దరు అదే మాట. ఒకే ఎకనామిక్స్ పుస్తకం కాపీలు నాలుగు, పసుపు బొట్లతో వరసగా వినాయకుడి ముందు కూర్చున్నాయి.

గోల విని ప్రిన్సిపాల్ జగన్మోహనరావుగారు వచ్చారు. ఆయన మంచివాడే గానీ పదిమందిలో మాట పడడం ఇష్టం లేని మనిషి.

"ఏవండీ భవానీగారూ, ఆ అమ్మాయి ఒక్క సబ్జెక్టుకి నాలుగు పుస్తకాలు చదివిందాండీ?"

"లేదండి. అబద్ధం చెప్పేనండి." దుర్గాభవాని తల దించుకుంది. "ఫెయిలైనవాళ్ళ పుస్తకాలని ఎవరూ ముట్టుకోట్లేదండి. అందుకని..."

"పేరెంట్స్‌కి నేనేం చెప్పాలి? ఇక ఆ పాత పుస్తకాలు, అద్దెలు తీసేయండి. కొత్తవి అమ్ముకోండి, చాలు."

సత్యదుర్గ కళ్ళనిండా నీళ్ళు. మోసపోయినందుకో, కొత్తది కొనాల్సినందుకో తెలియదు. దుర్గాభవానికి రాజోలు వెళ్ళిపోయిన పుస్తకం గుర్తొచ్చింది. ఈసారి పుస్తకాన్ని దూరం చేసింది తనే.

జ్యోతిర్మయి అప్పటికే వచ్చి అంతా వింటోంది. నాలుగు పుస్తకాలూ ఒక్కొక్కటే తిరగేసింది. సత్యదుర్గ పుస్తకం దగ్గర చెయ్యి ఆగింది. మధ్యలో ఒక పేజీ తీసి నవ్వేసింది.

"సార్, ఇది మాత్రం నాదేనండి."

అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. దుర్గాభవాని అందరికంటే ముందు.

"కొత్తది కొనడానికి మాకూ కుదరలేదండి. ఆంటీగారి దగ్గరే అద్దెకి తీసుకున్నాను. పేరు రాయకూడదు కదా, అందుకని నా పేరు లేదు. అప్పుడు నన్నెవరు గుర్తుపెట్టుకున్నారు లెండి!" అంటూ పేజీ అందరికీ చూపించింది. అంచున పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాల్లో 'ఎక్కలేదు' అని ఉంది. ఇంకో పేజీలో 'ఇదీ ఎక్కలేదు'. మరోచోట 'అస్సలు ఎక్కలేదు'.

"ఈయన ఎక్కలేదని రాసిన ప్రతిచోటా నేను కూర్చుండిపోయేదాన్ని. అది అర్థమయ్యేదాకా పేజీ తిప్పలేదు. పరీక్షలో ప్రశ్నలన్నీ అక్కడివే వచ్చాయి. ఇంత నిజం చెప్పిన మనిషెవరా అనుకునేదాన్ని." మొదటి పేజీలో అట్ట కాగితం మెల్లిగా ఊడదీసి పేరు పైకి చదివింది. "కె. అంజిబాబుగారు. అప్పుడు పేరు చూశాను గానీ మనిషిని ఎరగను. ఎవరండీ ఈయన?"

పందిరి చివర, ప్రసాదానికి శనగల బేసిను మోసుకొచ్చిన అంజిబాబు బేసినుతో అలాగే నిలబడిపోయాడు.

"నేనేనండి" అన్నాడు.

జ్యోతిర్మయి వెళ్ళి అతనికి దణ్ణం పెట్టింది. అయ్యయ్యో అంటూ అతను వెనక్కి జరిగితే సగం శనగలు కింద పడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్‌గారు గొంతు సవరించుకుని, "పాత పుస్తకాలు ఉండనివ్వండి. అబద్ధాలు మాత్రం వద్దు" అన్నారు.

"ఆయ్, అలాగేనండి" అంది దుర్గాభవాని. ఆ సాయంత్రమే అంటించిన కాగితాలన్నీ తనే ఊడదీసింది. మర్నాటినుంచి పిల్లలు వచ్చి, "తప్పినవాళ్ళ పుస్తకాలు ఇంకా ఉన్నాయాండీ?" అని అడగడం మొదలుపెట్టారు. లేవని నిజమే చెప్పింది, కాస్త కష్టపడి.

సెమిస్టరు అయ్యాక సత్యదుర్గ పుస్తకం తిరిగి ఇచ్చేసింది. చిరుగులేమైనా ఉన్నాయేమోనని దుర్గాభవాని పేజీలు తిప్పింది. 'అస్సలు ఎక్కలేదు' అన్నచోట, దాని కిందే, పెన్సిలుతో చిన్న అక్షరాలు ఉన్నాయి.

'నాకు ఎక్కింది అన్నయ్యా.'

దుర్గాభవాని కొట్టుకి తాళం వేసి, పుస్తకం పట్టుకుని తిన్నగా గేటు కాడ బజ్జీల బండి దగ్గరికి నడిచింది. అంజిబాబు పొయ్యి తగ్గించి, చేతులు శుభ్రంగా తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు.